ఎఫ్‌ఏ పేపర్లు ఇచ్చిన రోజే గోల్ రాయించండి

మార్కులు చదివేసి పేపర్లు బీరువాలో పెట్టేయకండి, ఎఫ్‌ఏ-1 (ఫార్మేటివ్ అసెస్‌మెంట్, అంటే ఏడాది మధ్యలో బడిలో పెట్టే చిన్న పరీక్షల్లో మొదటిది) పేపర్ చేతికిచ్చి ఒక పీరియడ్ పిల్లలకే వదిలేయండి. నోట్‌బుక్ చివరి పేజీలో ఏది వచ్చింది, ఎక్కడ ఆగిపోయా, వచ్చే వారం ఏం చేస్తా అని రాయమనండి. మొదటిసారి అందరూ "బాగా చదువుతా సార్" అనే రాస్తారు, అది గోల్ కాదు, మొక్కు! పక్కన కూర్చుని ఏ లెక్క, ఏ స్టెప్పు అని అడగాలి. మా టెన్త్‌లో ఒకమ్మాయి ట్రిగనామెట్రీ రాదని రాసింది, తీరా చూస్తే సూత్రాలన్నీ వచ్చు, భిన్నాలు కూడటం దగ్గరే తప్పుతోంది, దాంతో గోల్ "రోజూ 5 భిన్నాల లెక్కలు" అయింది. ఆ పేజీ మీద ఎర్ర పెన్ను మాత్రం పెట్టొద్దు, పెడితే మనకి నచ్చేదే రాస్తారు. ఎఫ్‌ఏ-2 అయ్యాక అదే పేజీ తీయించి కింద ఇంకో లైను రాయించండి.