ఫాంటసీ గేమ్ పిల్లలకు ఇవ్వచ్చా? గెన్షిన్ ఇంపాక్ట్‌తో చూద్దాం

ముందు వయసు రేటింగ్ చూడండి, కానీ అక్కడితో ఆగొద్దు. 2020లో వచ్చిన గెన్షిన్ ఇంపాక్ట్‌కు యూరప్ రేటింగ్ 12, అమెరికాలో టీన్, అంటే 13 నుంచి. కత్తులు, విల్లులు, మంత్రాలు ఉన్నా నెత్తురు కనిపించదు. ఓడిన రాక్షసులు మాయమైపోతారు.

అసలు చిక్కు డబ్బు దగ్గర. కొత్త పాత్రలు 'విష్' అనే లాటరీలాంటి దాంట్లో వస్తాయి. ఒక్కో విష్‌కు 160 ప్రిమోజెమ్‌లు, అంటే ఆటలో చెల్లే జెమ్‌లు, కావాలి. ఒక్కో విష్‌కు అయిదు నక్షత్రాల, అంటే అన్నిటికన్నా పై స్థాయి పాత్ర పడే అవకాశం 0.6 శాతమే, 90వ విష్ లోపు మాత్రం ఒకటి ఖాయం. లెక్క వేయండి: 14,400 జెమ్‌లు. అన్నీ పోసినా పిల్లాడు కోరుకున్న పాత్రే వస్తుందని లేదు. ఆడి కూడా సంపాదించొచ్చు, కానీ నెమ్మదిగా. ఈలోగా సుమారు మూడు వారాలకు ఆ పాత్ర విష్‌లోంచి వెళ్లిపోతుంది. ఆ తొందరే కొనిపిస్తుంది.

చాలామంది అరగంట చూసి బాగానే ఉందనుకుంటారు. పొరపాటు అక్కడే. విష్ తెరుచుకునేది అడ్వెంచర్ ర్యాంక్ 5లో (ఆడేకొద్దీ పెరిగే స్థాయి ఇది). ముక్కూమొహం తెలియనివాళ్లతో ఆడే కో-ఆప్ ర్యాంక్ 16లో. అందాకా మీరే ఆడండి, లేదా పక్కన కూర్చోండి.

సంభాషణలు చాలా పొడుగు, తెలుగు లేదు. ఇంగ్లిష్ చదవలేని పిల్లలు కథంతా దాటేసి కొట్లాటే ఆడతారు.

ఇవ్వాలనుకుంటే ప్లే స్టోర్‌లో ప్రతి కొనుగోలుకూ పాస్‌వర్డ్ అడిగేలా పెట్టండి. సేవ్ చేసిన కార్డు, యూపీఐ తీసేయండి. కో-ఆప్ తెరలో ఎవరూ చేరకుండా అనుమతి మార్చండి.