ఊళ్లు తిరుగుతూ మనుషుల్ని ఫోటో తీయాలంటే

దక్షిణాదిలో ట్రిప్పుకి వెళ్లొచ్చిన వాళ్ల ఫోన్లు చూడండి. గోపురాలు, బీచ్‌లు, కొండలు, వాటి ముందు వరసగా నిలబడిన మనవాళ్లు ఉంటారు. ఆ ఊళ్లో జనం పొద్దున్నే లేచి ఏం చేస్తారు, ఏం అమ్ముకుంటారు, సాయంత్రం ఏ అరుగు మీద చేరి కబుర్లు చెప్పుకుంటారు అన్నది మాత్రం ఎక్కడా కనపడదు. తీయాలని చాలామందికి ఉంటుంది, కానీ ముక్కూమొహం తెలియని మనిషి మీదకి కెమెరా ఎత్తాలంటే టెన్షన్, ఏమంటారో, తిడతారేమో అని. కొన్నేళ్లుగా సెలవు దొరికితే నేను ఇదే పని మీద తిరుగుతున్నాను కాబట్టి నాకు పనికొచ్చినవి చెప్తాను.

ముందు ప్లాను మార్చుకోండి. రోజుకి ఐదు స్పాట్లు పెట్టుకుంటే మనుషుల ఫోటోలు రావు. ఒక్క చోటు ఎంచుకుని రెండు మూడు గంటలు అక్కడే ఉండండి, వీలైతే మర్నాడు మళ్లీ అక్కడికే వెళ్లండి. మొదటి అరగంట అందరూ మిమ్మల్నే చూస్తారు, ఆ తర్వాత ఎవరి పని వాళ్లకి ఉంటుంది కదా, మిమ్మల్ని పట్టించుకోవడం మానేస్తారు. నా దగ్గరున్న మంచి ఫోటోలన్నీ అలా పట్టించుకోవడం మానేశాక తీసినవే.

ఇది నాకు విశాఖ ఫిషింగ్ హార్బర్‌లో తెలిసింది. తెల్లారకముందే వెళ్లాను. బోట్లు వచ్చి ఆగాయి, ట్రేలు ఈడుస్తున్నారు, తడి సిమెంటు నేల మీద చేపలు కుప్పలు పోసి వేలం పాట పాడుతున్నారు. ఒక పెద్దావిడ కుప్ప ముందు గొంతుక్కూర్చుని చేపలు వేరు చేస్తోంది, చేతి గాజులకి అంటుకున్న పొలుసులు అప్పుడే వచ్చిన ఎండకి తళతళా మెరుస్తున్నాయి. అది చూసి ఆగలేక అడక్కుండానే ఒక ఫోటో తీసేశాను. ఆవిడ కొంగు మొహం మీదకి లాక్కుని అటు తిరిగిపోయింది. పక్కనున్నావిడ "ఏటి బాబూ, అడగక్కర్లేదేటి?" అంది. ఆవిడ అన్నదాంట్లో తప్పేమీ లేదు. మర్నాడు కెమెరా సంచిలోంచి తీయకుండా వెళ్లి, పక్కనే నిలబడి టీ తాగుతూ చాలాసేపు ఊరికే చూశాను. చివరికి పెద్దావిడే పలకరించింది: "నిన్న తీసినావు గదా, సూపించు." చూపించాను, చెరిపేయమంటే చెరిపేస్తానని కూడా అన్నాను. "ఉంచు గానీ, రేపు మా మనవడొస్తాడు, ఆడితో తియ్యి" అంది. మూడో రోజు తీసిన ఆ ఫోటో ఇప్పటికీ నా గోడ మీద ఉంది. (అక్కడికి వెళ్లేవాళ్లకి ఒక మాట: పక్కనే నౌకాదళం ఉంటుంది, యుద్ధనౌకల వైపు, రక్షణ స్థలాల వైపు లెన్స్ తిప్పొద్దు.)

అడగడానికి పెద్ద భాష అక్కర్లేదు. వరస కలిపి పిలవడం మనకి అలవాటే, పక్క రాష్ట్రాల్లోనూ అంతే. తమిళంలో "అణ్ణా, ఒరు ఫోటో ఎడుక్కలామా?", కన్నడంలో "అణ్ణా, ఒందు ఫోటో తెగీలా?", మలయాళంలో "చేట్టా, ఒరు ఫోటో ఎడుత్తోట్టే?" ఈ మూడు వస్తే చాలు. ఆడవాళ్లని తమిళంలో, కన్నడంలో అక్కా అనండి, కేరళలో చేచ్చీ అనండి. మీ ఉచ్చారణకి వాళ్లు నవ్వుతారు, నవ్వనివ్వండి, ఆ నవ్వే సగం పని చేసేస్తుంది. తల అడ్డంగా ఊపితే మాత్రం దండం పెట్టి పక్కకి వచ్చేయండి, బతిమాలొద్దు, దూరం నుంచి జూమ్ చేసి అసలే తీయొద్దు. అడిగితే సహజంగా ఉండరు, బిగుసుకుపోతారు అంటారు చాలామంది. నిజమే, మొదటి రెండు మూడు ఫోటోలు అలాగే వస్తాయి. అవి తీసి, స్క్రీన్ మీద చూపించి, కెమెరా కిందకి దించి మాట్లాడుతూ ఉండండి. వాళ్లు మళ్లీ పనిలో పడతారు. అప్పుడు తీయండి.

ఆడవాళ్ల ఫోటోల విషయంలో ఇంకొంచెం జాగ్రత్త కావాలి. 1892లోనే హైదరాబాద్‌లో రాజా దీన్‌దయాళ్ అనే ఫోటోగ్రాఫర్ ఆడవాళ్ల కోసం విడిగా జనానా స్టూడియో పెట్టి, అక్కడ ఫోటోలు తీసే పని ఒక ఆంగ్ల మహిళకి అప్పగించారు. మనం మగవాళ్లమైతే మన కెమెరా ముందు నిలబడడానికి అవతలి మనిషికి ఇప్పటికీ సంకోచం ఉంటుందని గుర్తుపెట్టుకోవాలి, ఇంట్లో పెద్దవాళ్లతో ముందు మాట కలపాలి. స్నానాల రేవుల దగ్గర కెమెరా తీయనే వద్దు. పిల్లల్ని తీయాలంటే తల్లినో తండ్రినో అడగండి, పిల్లలు తమంతట తామే ఎగబడి పోజులిచ్చినా సరే. అడుక్కునేవాళ్లని నేను తీయను. వాళ్లు వద్దని చెప్పగలిగే స్థితిలో ఉండరు, నాకు ఆ ఒక్క కారణం చాలు.

ఇక వెలుతురు. మన ప్రాంతం భూమధ్యరేఖకి దగ్గర, హైదరాబాద్ 17 డిగ్రీల అక్షాంశం మీద ఉంటే కన్యాకుమారి 8 మీద ఉంది. అందుకే సూర్యుడు చకచకా నెత్తిమీదకి ఎక్కేస్తాడు, మెత్తటి ఎండ ఉండేది పొద్దున కాసేపు, సాయంత్రం కాసేపు. తొమ్మిది దాటితే కళ్ల కింద, ముక్కు కింద నల్లటి నీడలు పడతాయి. అప్పుడు మార్కెట్ల లోపలికి, వసారాల్లోకి, చెట్ల కిందకి మారిపోండి. నీలం టార్పాలిన్ కింద నిలబడ్డ మనిషి మొహం నీలంగానే వస్తుంది, దాన్ని తర్వాత సరిచేయడం చాలా కష్టం, కాబట్టి ఆ మనిషిని రెండడుగులు ఇవతలికి రమ్మని అడగడమే మేలు.

దీనికంటే ఎక్కువమంది చేసే తప్పు ఎక్స్‌పోజర్‌ది, అంటే ఫోటోలోకి ఎంత వెలుతురు రానివ్వాలన్నది. తెల్ల పంచె, తెల్ల చొక్కా వేసుకున్న తాతగారు, చామనఛాయ మొహం. కెమెరా ఆ తెలుపంతా చూసి వెలుతురు ఎక్కువైందనుకుని ఫోటో మొత్తాన్ని తగ్గించేస్తుంది, మొహం మసకబారిపోతుంది. ఫోన్‌లో అయితే మొహం మీద వేలు పెట్టి, పక్కన వచ్చే సూర్యుడి గుర్తుని కొంచెం పైకి జరపండి. కెమెరాలో అయితే స్పాట్ మీటరింగ్ (ఒక్క చోటి వెలుతురునే కొలిచే పద్ధతి) పెట్టి మొహం మీద కొలవండి, లేదా ఎక్స్‌పోజర్ కాంపెన్సేషన్ (వెలుతురు పెంచే, తగ్గించే సెట్టింగు) ప్లస్ 0.7 దాకా పెంచండి. పంచె మడతలు కనపడకుండా తెల్లగా అయిపోయినా ఫర్వాలేదు, మొహం కనపడాలి. బ్యూటీ మోడ్ ఆపేయండి, అది మనుషుల రంగు మార్చేస్తుంది, అరవై ఏళ్ల మడతలు చెరిపేస్తుంది.

సామాను తక్కువ ఉంటే మంచిది. ఫోన్ చాలు, కెమెరా ఉంటే 35 ఎమ్ఎమ్ లెన్స్ ఒక్కటి చాలు, దాంతో తీయాలంటే ఎలాగూ దగ్గరికి వెళ్లి మాట్లాడాల్సిందే. నడిచే మనుషులకి షట్టర్ తెరుచుకుని ఉండే సమయం సెకనులో 250వ వంతు, వల విసిరేవాళ్లకి 500వ వంతు లేదా ఇంకా తక్కువ (కెమెరాలో 500, ఆపైన అంకెలు). టీ కొట్టులో మాస్టర్ టీని పైనుంచి కిందకి సాగదీసి పోస్తాడు కదా, ఆ ధార తీగలా రావాలంటే 30కి దించి చెయ్యి కదపకుండా పట్టుకోండి, చుక్క చుక్కగా కనపడాలంటే 500కి పైన ఎంత వీలైతే అంత పెంచండి. వెలుతురు టీకి వెనకనుంచి వచ్చేలా నిలబడితే ఆవిరి కూడా పడుతుంది. చెన్నై, కొచ్చిలాంటి చోట్ల ఏసీ గదిలోంచి బయటకి రాగానే లెన్స్ మీద చెమ్మ పట్టేస్తుంది, బయల్దేరడానికి అరగంట ముందే కెమెరాని సంచిలోనే ఉంచి ఏసీ లేని చోట పెట్టండి.

ఎక్కడికి వెళ్లాలని అడిగితే నా మొదటి ఓటు చెన్నైలోని మైలాపూర్‌కి, అదీ మార్గళి నెలలో, అంటే మన ధనుర్మాసంలో, డిసెంబరు నడుమ నుంచి జనవరి నడుమ దాకా. కపాలీశ్వర ఆలయం చుట్టూ ఉన్న మాడ వీధుల్లో తెల్లవారుజామున భజన బృందాలు నడుస్తాయి, ఇళ్ల ముందు పెద్ద పెద్ద ముగ్గులు పడతాయి. ముగ్గు వేస్తున్న వేళ్లని దగ్గరగా తీయండి, పిండి రాలే తీరు తీయండి. బెంగళూరు కే.ఆర్. మార్కెట్‌లో పూల వ్యాపారం చీకటితోనే మొదలవుతుంది, పై అంతస్తు నుంచి కిందకి చూస్తే బంతిపూల గుట్టల మధ్య మనుషులు కనపడతారు. అది అందరూ తీసే ఫోటోనే, అది తీసుకుని కిందకి దిగి మూర కొలిచే చేతుల దగ్గరికి వెళ్లండి. భూదాన్ పోచంపల్లిలో మగ్గం ముందు కూర్చున్న వాళ్లని తీసేటప్పుడు మీరు తగిలి నూలు తెగేంత దగ్గరగా నిలబడకండి, వాళ్ల కూలి ఆ బట్ట మీదే వస్తుంది.

గుళ్ల విషయం ముందే తెలుసుకుని వెళ్లండి. తిరుమల ఆలయంలోకి ఫోన్లు, కెమెరాలు తీసుకెళ్లనివ్వరు. తమిళనాడు ఆలయాల్లో ఫోన్లు నిషేధించాలని 2022 డిసెంబరులో మద్రాసు హైకోర్టు చెప్పింది. మధుర మీనాక్షి గుడి చుట్టూ ఒకదాని బయట ఒకటిగా వీధులున్నాయి, ఆ వీధుల్లోనే బోలెడు జీవితం ఉంది. ఉత్తర కేరళలో తెయ్యం (వేషం కట్టి దేవుడిగా ఆడే ఆరాధన) చూస్తే ఫ్లాష్ కొట్టొద్దు. తలమీద ముడి, అంటే కిరీటం, పెట్టాక వేషం కట్టిన ఆ మనిషి అక్కడివాళ్లకి దేవుడు, ఎదురెళ్లి మొహం మీద కెమెరా పెట్టడం అవమానం. మొహానికి రంగులు వేసే అణియరలో (వేషం గదిలో) తీయాలంటే కావు, అంటే ఆ గుడి తోపు, పెద్దల్ని అడగండి.

డబ్బులు ఇవ్వాలా అని అడుగుతారు. నేను ఇవ్వను, వాళ్ల దగ్గర ఏదో ఒకటి కొంటాను. ఫోటో పంపిస్తానంటే మాత్రం పంపాల్సిందే. వాట్సాప్ ఉన్నవాళ్లకి అక్కడికక్కడే పంపేయండి, రాత్రికి పంపుదామనుకుంటే మర్చిపోతారు. లేనివాళ్ల చేత అడ్రసు వాళ్ల లిపిలోనే కాగితం మీద రాయించుకుని, పిన్‌కోడ్ ఉందో లేదో చూసి, ఆ కాగితాన్ని వాళ్ల ఫోటో తీసిన వెంటనే ఫోటో తీసేయండి, ఎవరి అడ్రసు ఎవరిదో తర్వాత కలిసిపోదు. ఇంటికొచ్చాక నాలుగు బై ఆరు ప్రింట్లు రెండేసి తీయించి, మడత పడకుండా కవర్లో అట్టముక్క పెట్టి పోస్టు చేయండి. రెండు ఎందుకంటే, ఊళ్లో ఉండే కూతురింటికో కొడుకింటికో ఒకటి ఎప్పుడూ వెళ్లిపోతుంది.