యాక్సిడెంట్ క్లెయిము మనమే అర్థం చేసుకుందాం – 3వ పాఠం: క్యాజువాల్టీ చీటీలో ఆ ఒక్క లైను

కిందటి పాఠంలో ఆస్పత్రి కాగితాలన్నీ తేదీల వరసలో పెట్టమన్నాను. ఇప్పుడు ఆ కట్టలో అన్నిటికంటే పైన ఏముందో చూడండి. డిశ్చార్జ్ సమ్మరీ ఉంటే వరస తప్పినట్టే. దెబ్బ తగిలిన రోజు క్యాజువాల్టీలో రాసిన చీటీ పైకి రావాలి. కర్నూలు కోర్టులో లాయరు గుమాస్తాగా నేను చూసినంతలో, ఇన్సూరెన్స్ కంపెనీ తరఫు లాయరు మన ఫైల్లో ముందు వెతికేది దాన్నే.

అందులో 'హిస్టరీ' అని ఒక లైను ఉంటుంది. ఏమైందని డాక్టరు అడిగినప్పుడు వెంట వచ్చినవాళ్లు చెప్పింది అక్కడ పడుతుంది. ఒక ఉదాహరణ అనుకుందాం. ఉలిందకొండ దగ్గర హైవే మీద లారీ వెనక నుంచి కొట్టి, బైకు మీద పోతున్న మేస్త్రీ కాలు విరిగింది. బామ్మర్ది ఆటోలో వేసుకొచ్చాడు. రక్తం చూసి అతనికే కాళ్లు చేతులు ఆడట్లేదు. డాక్టరు అడిగితే, "బండి మీద నుంచి కింద పడినాడు సార్" అన్నాడు. అబద్ధం కాదు, పడింది నిజమే. కానీ చీటీలో 'బైకు మీద నుంచి పడ్డాడు' అని మాత్రమే ఎక్కింది, లారీ ఊసే లేదు. మర్నాడు ఇచ్చిన కంప్లయింటుతో లారీ ఎఫ్ఐఆర్‌లోకి వచ్చింది. ఇక క్రాస్‌లో, అంటే అవతలి లాయరు మన సాక్షిని ప్రశ్నించేటప్పుడు, ఏం అడుగుతారో ఊహించుకోవచ్చు: "మీరే స్కిడ్ అయి పడ్డారు, డబ్బుల కోసం లారీని తర్వాత తెచ్చి పెట్టారు, అవునా?"

ఆ ఒక్క లైనుతోనే కేసు పోతుందని టెన్షన్ పడక్కర్లేదు. క్లెయిము కేసులో క్రిమినల్ కేసులా సందేహానికి తావు లేకుండా రుజువు చేయాల్సిన పనిలేదు, ఏది జరిగి ఉండటానికి ఎక్కువ అవకాశం ఉందో చూస్తే చాలని సుప్రీంకోర్టు 2009లో బిమ్లాదేవి కేసులో చెప్పింది. అయితే ఆ మొగ్గు ఎటన్నది తేల్చేటప్పుడు, పరిహారం ఆలోచన ఎవరికీ లేని సమయంలో రాసిన కాగితానికి విలువ ఎక్కువ. లారీ సంగతి అదే రోజు ఇంకెక్కడైనా రాశారేమో వెతకండి. 108లో తీసుకొచ్చి ఉంటే వాళ్ల రికార్డులో, ఆస్పత్రి నుంచి పోలీసులకు వెళ్లిన ఇంటిమేషన్‌లో దొరకవచ్చు. ఏమీ దొరక్కపోతే బామ్మర్దినే సాక్షిగా పిలిచి, ఆ రోజు తాను ఏమన్నాడో, ఎందుకు అలా అన్నాడో చెప్పించాలి. చీటీ మీద మాత్రం మీ పెన్ను పెట్టకండి. దిద్దిన చీటీ కంటే తప్పు చీటీయే నయం.

ఇక అదే చీటీలో టైము, తీసుకొచ్చినవాళ్ల పేరు, మద్యం వాసన గురించి ఏమైనా రాశారా అన్నవి ఒకసారి చూడండి. ఆ తర్వాత ఏ పక్క దెబ్బ అన్నది చూడాలి. ఇక్కడ నా తప్పు ఒకటి చెప్పుకోవాలి. ఒక కేసులో విరిగింది ఎడమ కాలు. ఒక ప్రైవేటు ఆస్పత్రి డిశ్చార్జ్ సమ్మరీలో కుడి అని టైపైంది. ఎక్స్‌రే ఫిల్ము మీద 'ఎల్' గుర్తు స్పష్టంగా ఉంది. రెండూ నా చేతులతోనే ఫైల్లో కుట్టాను, పోల్చి చూడలేదు. అవతలి లాయరు చూశాడు. డాక్టరును సాక్ష్యానికి పిలిపించి ఆ తప్పు సరిచేయించేసరికి నాలుగు వాయిదాలు పోయాయి. ముందే గమనించి ఉంటే, వైద్యం చేసిన డాక్టరే పాత మాట కనబడేలా ఒక గీత కొట్టి, పక్కన సరిగ్గా రాసి, తేదీతో సంతకం పెట్టేవాడు. అర పూట పని.

వూండ్ సర్టిఫికెట్ వేరే కాగితం. ఆస్పత్రి దాన్ని పోలీసులకు ఇస్తుంది, మీ కాపీ చార్జిషీటుతో దొరుకుతుంది. అందులో గాయం సాధారణమా, తీవ్రమా అన్న మాట ఉంటుంది. భారతీయ న్యాయ సంహిత 116వ సెక్షన్ ప్రకారం ఎముక విరిగినా, తొలగినా తీవ్ర గాయమే. మోటారు వాహనాల చట్టం 164వ సెక్షన్ కింద, తప్పెవరిదో నిరూపించకుండానే తీవ్ర గాయానికి 2.5 లక్షలు అడగవచ్చు. ఆ మాటకున్న బరువు అదీ.

కేస్ షీట్ కాపీ కోసం నోటితో అడిగి తిరిగి రాకండి. రాతపూర్వకంగా అడిగి, రెండో కాపీ మీద తేదీతో ముద్ర వేయించుకోండి. 2002 నాటి వైద్య మండలి నిబంధనల ప్రకారం అడిగిన 72 గంటల్లో రికార్డులు ఇవ్వాలి. ఇన్‌పేషెంట్ రికార్డులు మూడేళ్లే దాస్తే చాలని కూడా అవే నిబంధనలు అంటున్నాయి, కాబట్టి ఆలస్యం చేయకండి. పైగా మోటారు వాహనాల చట్టంలో 2022 ఏప్రిల్ 1న అమల్లోకి వచ్చిన సవరణ, ప్రమాదం జరిగిన ఆరు నెలల్లోపు క్లెయిము దరఖాస్తు వేయాలంటుంది.

మందుల షాపు బిల్లులు ఎక్కువగా థర్మల్ పేపరే. మన ఎండలకు బీరువాలో ఉన్నా అక్షరాలు ఎగిరిపోతాయి. కొన్న రోజే జిరాక్స్ తీసి, దాన్ని ఒరిజినల్‌కు పిన్ను కొట్టండి.

ఈ వారం పని: ఒక తెల్ల కాగితం మధ్యలో గీత గీయండి. ఎడమ పక్క క్యాజువాల్టీ చీటీలో ఉన్నది, కుడి పక్క ఎఫ్ఐఆర్‌లో ఉన్నది తెలుగులో రాయండి: టైము, చోటు, వాహనం, దెబ్బ తగిలిన పక్క. ఇంగ్లీషు చేతిరాత అర్థం కాకపోతే మందుల షాపులో చదివించుకోండి, వాళ్లకు అలవాటే. తేడా వచ్చిన చోట ఎర్ర పెన్నుతో చుట్టండి, ఆ తెల్ల కాగితం మీద మాత్రమే. 4వ పాఠంలో సదరం సర్టిఫికెట్‌లో రాసే వైకల్య శాతాన్ని కోర్టు ఎలా లెక్క కడుతుందో చూద్దాం. దానికి మీ డిశ్చార్జ్ సమ్మరీ, ఎక్స్‌రేలు దగ్గర పెట్టుకోండి. ఫిల్ములు మడవకండి.