పర్లాకిమిడి నుంచి సింగపూర్‌కి: పాస్‌పోర్టు, వీసా దరఖాస్తు ఎలా చేయాలి

విశాఖ నుంచి సింగపూర్‌కి నేరుగా విమానం ఉంది కదా, ఆఫర్‌లో టికెట్ దొరికింది కదా అని ముందే కొనేయకండి. చవక టికెట్లు రద్దు చేసుకుంటే డబ్బు దాదాపు తిరిగి రాదు. ముందు పాస్‌పోర్టు, దాని మీద వీసా, ఆఖరున సింగపూర్‌లో దిగేముందు ఆన్‌లైన్‌లో నింపే అరైవల్ కార్డు. ఈ వరసలో వెళ్తే తక్కువ ఖర్చుతో పని అవుతుంది. వరస తప్పితే మొదట లాభపడేది బ్రోకరు.

ఒడిశాలో బరంపురం, పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ, జయపురం వైపు ఉండే మన తెలుగువాళ్ళకి దరఖాస్తులో అసలు చిక్కు ఫీజు దగ్గరో పోలీసుల దగ్గరో రాదు, పేరు దగ్గర వస్తుంది. ఇంట్లో మనం తెలుగు, బడిలో ఒడియా, ఆఫీసులో ఇంగ్లీషు. ఒక్క పేరు మూడు చోట్ల తిరిగి వచ్చేసరికి మూడు రకాలుగా తయారవుతుంది. కృష్ణారావు అనే ఆయన్ని తీసుకోండి. ఇచ్ఛాపురంలో చదివిన పదో తరగతి సర్టిఫికెట్లో కృష్ణారావే. బరంపురంలో తీసిన ఆధార్‌లో ఒడియా పలుకుబడి ప్రకారం ‘క్రుష్ణ’. వెంకటేశ్ అయితే ‘బెంకటేశ్’, వాసుదేవరావు అయితే ‘బాసుదేవ్’. ఇంటిపేరు ఒకచోట ముందు, ఒకచోట వెనక, ఇంకోచోట ఒట్టి పొడి అక్షరం. ఊళ్ళో ఎవరూ పట్టించుకోరు గానీ, పాస్‌పోర్టు కౌంటర్లో కూర్చున్న ఉద్యోగికి ఇవన్నీ వేరువేరు మనుషుల కాగితాలే.

అందుకని ఫారం తెరవకముందే ఉన్న కాగితాలన్నీ ఒక మంచం మీద పరిచి, ఇంగ్లీషు స్పెల్లింగు అక్షరం అక్షరం పోల్చుకోండి. పదో తరగతి (మనవైపు అందరూ మెట్రిక్ అంటారు) సర్టిఫికెట్ ఉంటే దాన్నే ప్రమాణంగా పెట్టుకోమంటాను. బోర్డు సర్టిఫికెట్లో అక్షరం మార్పించడం కంటే ఆధార్‌లో మార్పించడం చాలా తేలిక. కానీ ఆధార్‌లో పేరు జీవితంలో రెండేసార్లు, పుట్టిన తేదీ ఒక్కసారే మార్చుకోవచ్చు. తొందరపడి తప్పు స్పెల్లింగుకి మార్పించుకుంటే ఒక అవకాశం వృథా. ఆధార్ సరైతే పాన్, బ్యాంకు పాసుపుస్తకం ఆ తర్వాత ఒక్కొక్కటీ దారికొస్తాయి.

ఫారంలో పేరుకి రెండు గడులు ఉంటాయి: గివెన్ నేమ్, సర్‌నేమ్. సర్‌నేమ్ గడిలో ఇంటిపేరు పూర్తిగా రాయాలి. ‘కె’ అనో ‘పి’ అనో పొడి అక్షరాలు పనికిరావు. గివెన్ నేమ్ గడిలో సొంత పేరంతా రావాలి. కొంతమంది బద్ధకించి పేరంతా మొదటి గడిలోనే కుక్కేసి రెండోది ఖాళీగా వదిలేస్తారు. ఇక్కడ చెల్లినా బయట తిప్పలు తప్పవు: పాస్‌పోర్టులో ఒకే పేరు ఉన్నవాళ్ళని పర్యాటక వీసా మీద రానివ్వమని యూఏఈ 2022 నవంబరులోనే చెప్పేసింది. రేపు దుబాయ్ చూడ్డానికి వెళ్ళాలనుకుంటే ఆ ఖాళీ గడి అడ్డం పడుతుంది.

పుట్టిన తేదీకి జనన ధ్రువపత్రమే కావాలని కొందరు భయపెడుతున్నారు. 2023 అక్టోబరు 1న గానీ ఆ తర్వాత గానీ పుట్టిన పిల్లలకే ఆ నియమం. అంతకుముందు పుట్టినవాళ్ళకి మెట్రిక్ సర్టిఫికెట్, పాన్, డ్రైవింగ్ లైసెన్సు లాంటివి చెల్లుతాయి, తేదీ మాత్రం అన్నిట్లో ఒకటే ఉండాలి. మెట్రిక్ లేనివాళ్ళ పాస్‌పోర్టు ఈసీఆర్ రకం (ఎమిగ్రేషన్ చెక్ రిక్వైర్డ్, అంటే కొన్ని దేశాలకి పనికి వెళ్ళేముందు ప్రభుత్వ క్లియరెన్సు కావాల్సినది) కావచ్చు. దాన్ని చూపించి ‘మీరు విదేశం వెళ్ళలేరు’ అని బెదిరించే ఏజెంట్ల మాట వినకండి. ఆ క్లియరెన్సు 18 దేశాలకి ఉద్యోగం కోసం వెళ్ళేవాళ్ళకే. సింగపూర్ ఆ జాబితాలోనే లేదు, మీరు వెళ్ళేది చూసి రావడానికి.

ఇక ఫారం. ప్రభుత్వ పాస్‌పోర్టు సేవా పోర్టల్‌లో గానీ, ఎంపాస్‌పోర్ట్ సేవ యాప్‌లో గానీ ఖాతా తెరిచి నింపాలి. వెబ్‌సైటు చిరునామా ‘గవ్ డాట్ ఇన్’తో ముగియాలి. వెతికితే అచ్చం అలాగే కనబడే సైట్లు నాలుగైదు తగులుతాయి, అవి అప్లికేషన్ ఫీజు పేరుతో డబ్బు లాగి చేతులు దులుపుకుంటాయి. పెద్దవాళ్ళకి 36 పేజీల పాస్‌పోర్టు, పదేళ్ళ చెల్లుబాటు, ఫీజు 1,500 రూపాయలు. 60 పేజీలది 2,000. తత్కాల్ అయితే ఇంకో 2,000 అదనం. ఏడాదికోసారి కూడా విదేశం వెళ్ళని మనలాంటివాళ్ళకి 36 పేజీలు పుష్కలం, తత్కాల్ దండగ. కొత్త దరఖాస్తుల్లో 60 ఏళ్ళు దాటినవాళ్ళకి, 8 ఏళ్ళ లోపు పిల్లలకి ఫీజులో 10 శాతం తగ్గింపు ఉంది, ఆ సంగతి బ్రోకర్లు చెప్పరు.

ఆఫీసు ఎంచుకునే చోట సరిహద్దు జిల్లాలవాళ్ళకి ఒక సౌకర్యం ఉంది. 2018 జూన్ నుంచి దేశంలో ఏ పాస్‌పోర్టు ఆఫీసు పరిధిలోనైనా దరఖాస్తు పెట్టుకోవచ్చు. ఒడిశా చిరునామా ఉన్నంత మాత్రాన భువనేశ్వర్‌కే పోవాలని లేదు. పర్లాకిమిడి వంతెన దాటితే పాతపట్నం, ఆంధ్రాలో ఉన్నట్టే. అక్కడివాళ్ళకి విశాఖపట్నం ఆఫీసు కిందికి వచ్చే కేంద్రాలు దగ్గర కావచ్చు, కౌంటర్లో తెలుగు మాట్లాడేవాళ్ళూ ఉంటారు. జయపురం వైపువాళ్ళకి కొరాపుట్‌లో పోస్టాఫీసులోనే నడిచే పాస్‌పోర్టు కేంద్రం ఉంది. రెండు ఆఫీసుల స్లాట్లు చూసి, ఏది ముందు దొరికితే, ఏ దారి బస్సు ఛార్జీ తక్కువైతే దానికి వెళ్ళండి. ఎక్కడ పెట్టినా పోలీసు విచారణ మాత్రం మీరు రాసిన చిరునామా ఉన్న ఒడిశా స్టేషనుకే వస్తుంది, పాస్‌పోర్టు కూడా ఆ చిరునామాకే స్పీడ్ పోస్టులో వస్తుంది.

ఆ చిరునామా మీరు నిజంగా ఉంటున్నదై ఉండాలి. మన కుర్రాళ్ళు సూరత్‌లోనో హైదరాబాదులోనో పనిచేస్తూ, ఫారంలో మాత్రం ఊరి చిరునామా రాసేస్తారు. కానిస్టేబుల్ వచ్చినప్పుడు ఇంట్లో అమ్మ ఒక్కతే ఉంటుంది, ‘బాబు ఇక్కడ ఉండటం లేదండీ’ అని నిజం చెప్పేస్తుంది. రిపోర్టు ప్రతికూలంగా పోతుంది. పని ఊళ్ళో ఉంటే అక్కడి చిరునామా రుజువుతోనే పెట్టుకోవడం మంచిది.

ఫీజు కట్టి స్లాట్ తీసుకున్నాక దరఖాస్తు నంబరు వస్తుంది. ఆ రోజు ఒరిజినల్స్ అన్నీ, ఒక్కో జిరాక్సు పట్టుకెళ్ళండి. ఫోనులో ఫొటోలు తీసుకున్నాం కదా అంటే కుదరదు. పాస్‌పోర్టు సేవా కేంద్రంలో ఏ, బీ, సీ అని మూడు కౌంటర్లు ఉంటాయి. ఏ దగ్గర కాగితాలు స్కాన్ చేసి వేలిముద్రలు, ఫొటో తీసుకుంటారు. బీ దగ్గర ఒరిజినల్స్ సరిచూస్తారు. సీ దగ్గర అధికారి తేల్చేస్తాడు. ఏ కౌంటర్ దగ్గర మీ ఎదురుగా ఉన్న స్క్రీన్ మీద పేరు, తండ్రి పేరు, పుట్టిన ఊరు కనబడతాయి. వెనక క్యూ ఎంత తోసుకున్నా సరే, ఒక్క నిమిషం నింపాదిగా చదవండి. అక్కడ చెబితే ఒక్క క్లిక్కుతో పోయే అక్షరం, పుస్తకం అచ్చయ్యాక మళ్ళీ ఫీజు, మళ్ళీ స్లాట్. మొదటిసారి వెళ్ళేవాళ్ళకి టెన్షన్ సహజం, మొగమాటం మాత్రం వద్దు.

పోలీసు విచారణకి విడిగా ఫీజు లేదు. స్టేషను నుంచి ఫోన్ రాగానే ఆధార్, మెట్రిక్ సర్టిఫికెట్, చిరునామా రుజువు సిద్ధంగా పెట్టుకుని ఇంట్లో ఉండండి. పొలం గట్టు తగాదాలాంటి దాంట్లో మీ మీద క్రిమినల్ కేసు కోర్టులో నడుస్తుంటే దాచకండి. కోర్టు అనుమతి తెచ్చుకుంటే పాస్‌పోర్టు ఇస్తారు, దాచినట్టు తేలితే ఇచ్చిందీ వెనక్కి తీసుకుంటారు. అన్నట్టు, చిప్ ఉన్న ఈ-పాస్‌పోర్టులు 2024 ఏప్రిల్‌లో ప్రయోగాత్మకంగా మొదలుపెట్టిన ఆఫీసుల్లో మన భువనేశ్వర్ ఒకటి. మీకు వచ్చే పుస్తకం అట్ట మీద చిన్న బంగారు రంగు గుర్తు కనబడితే అదే.

పాస్‌పోర్టు చేతికొచ్చాక సింగపూర్ వీసా. ఇక్కడ నేరుగా కాన్సులేటుకి వెళ్ళి ఫారం ఇస్తామంటే తీసుకోరు. సింగపూర్ ప్రభుత్వం గుర్తించిన ఏజెంట్ల ద్వారానే పెట్టాలి. లేదంటే సింగపూర్ పౌరులో, శాశ్వత నివాసులో అయిన బంధువులు ఉంటే వాళ్ళు అక్కడినుంచి ఆన్‌లైన్‌లో పెట్టొచ్చు. గుర్తింపు ఉన్న ఏజెంట్ల జాబితా అక్కడి విదేశాంగ శాఖ వెబ్‌సైటులో చెన్నై, ముంబయి, ఢిల్లీ కార్యాలయాల పేజీల్లో ఉంటుంది. మీ ఊరి ట్రావెల్స్ బోర్డు మీద ‘వీసా ఇప్పించబడును’ అని ఉన్నంత మాత్రాన అతను ఆ జాబితాలో ఉన్నట్టు కాదు. చాలామంది కాగితాలు తీసుకుని అసలు ఏజెంటుకి పంపి, మధ్యలో కమీషన్ వేసుకుంటారు.

వీసా ఫీజు 30 సింగపూర్ డాలర్లు. వీసా రాకపోయినా తిరిగివ్వరు. దాని మీద ఏజెంటు సర్వీసు ఛార్జీ ఎంతో విడిగా అడిగి, రసీదు తీసుకోండి. ఇద్దరు ముగ్గురిని అడిగితే తేడా ఎంతుందో తెలుస్తుంది. ఫారం 14ఏ అనేది నింపి సంతకం చేయాలి. తెల్లటి నేపథ్యంతో 35 మిల్లీమీటర్ల వెడల్పు, 45 ఎత్తు ఉన్న ఫొటో, మూడు నెలల లోపు తీసింది కావాలి. స్టూడియోవాళ్ళు అలవాటు కొద్దీ నీలం రంగు తెర వేస్తారు, ముందే చెప్పండి. పాస్‌పోర్టుకి కనీసం ఆరు నెలల గడువు మిగిలి ఉండాలి. వీటితోపాటు రానుపోను ప్రయాణ వివరం, బస వివరం, బ్యాంకు స్టేట్‌మెంటు, ఉద్యోగులైతే సెలవు లెటరు, కిరాణా కొట్టో చీరల దుకాణమో ఉన్నవాళ్ళయితే ట్రేడ్ లైసెన్సో జీఎస్‌టీ కాగితమో ఏజెంట్లు అడుగుతారు. ప్రయాణం తేదీకి నెలలోపు పెట్టుకుంటే చాలు, సాధారణంగా కొద్ది పనిరోజుల్లోనే తేలిపోతుంది.

స్టేట్‌మెంటు గురించి ఒక మాట. వీసా కోసం బావమరిది దగ్గర రెండు లక్షలు తెచ్చి ఖాతాలో వేసి, వారం తిరక్కుండా తీసేయడం మనవైపు బాగా అలవాటు. నిన్నటిదాకా ఆరు వేలు ఉన్న ఖాతాలో హఠాత్తుగా పడిన మొత్తం చూసేవాళ్ళకే ముందు కనబడుతుంది. ప్రతినెలా క్రమంగా డబ్బు వచ్చిపోయే మామూలు ఖాతా దానికన్నా నమ్మకంగా ఉంటుంది. ప్రయాణం అనుకున్న రోజు నుంచే దుకాణం రాబడి ఖాతాలో వేసుకుంటూ రండి.

వీసా వచ్చాక అరైవల్ కార్డు. దిగే రోజుతో కలిపి మూడు రోజుల లోపు, సింగపూర్ ఇమిగ్రేషన్ సైటులో గానీ వాళ్ళ మైఐసీఏ యాప్‌లో గానీ నింపాలి. పూర్తిగా ఉచితం. దీనికి డబ్బు అడిగే సైటు ఏదైనా మోసమే. వీసాలో, టికెట్‌లో, ఈ కార్డులో పేరు పాస్‌పోర్టులో ఉన్నట్టే ఉండాలి. మొదట్లో కాగితాలన్నీ మంచం మీద పరిచి సరిచూసుకోమన్నది ఇందుకే.

సంచి సర్దేటప్పుడు ఖైనీ, గుట్కా ఇంట్లోనే వదిలేయండి, నమిలే పొగాకు అక్కడ నిషేధం. ఈ-సిగరెట్లు, చూయింగ్ గమ్ కూడా అంతే. మామూలు సిగరెట్లకి ఒక్కటి ఉన్నా సుంకం కట్టాలి. మసాలా పొడుల్లో గసగసాలు కలిపి ఉంటే తీసేయండి, అక్కడ అవి నిషేధిత సరుకు. నాటుకోడి పచ్చడి బదులు ఆవకాయ పెట్టుకోండి, మన దేశపు మాంసం సరుకులని రానివ్వరు. నగరంలో మెట్రోకి విడిగా కార్డు కొనకుండా విదేశాల్లో పనిచేసే మీ బ్యాంకు కార్డునే తాకించి వెళ్ళొచ్చు, కానీ మన దేశపు కార్డుకి వాడిన ప్రతిరోజూ 60 సెంట్లు అదనంగా పడుతుంది. నాలుగైదు రోజులుండేవాళ్ళు లెక్క వేసుకోండి. తిండికి లిటిల్ ఇండియాలోని టెక్కా సెంటర్ లాంటి హాకర్ సెంటర్లు (చిన్న చిన్న తిండి కొట్లన్నీ ఒకేచోట ఉండేవి) చవక. కుళాయి నీళ్ళు తాగొచ్చు, సీసాలు కొనక్కర్లేదు.

వీసా ఉంది కదా అని ఎన్నాళ్ళైనా ఉండొచ్చనుకోవద్దు. దిగాక ఇమిగ్రేషన్ దాటగానే ఈ-పాస్ అని ఒక మెయిల్ వస్తుంది. ఎన్ని రోజులు ఉండనిచ్చారో, ఆఖరు తేదీ ఏదో అందులో ఉంటుంది. ఒక్క రోజు దాటినా అక్కడ నేరమే. అరైవల్ కార్డులో నెట్ సెంటర్‌వాళ్ళది కాకుండా మీ సొంత మెయిల్ ఐడీయే రాయండి.