ఇంట్లో శనగలు వేయిద్దాం – 3వ పాఠం: రెండు సెగల మధ్య

పోయిన పాఠంలో పుచ్చులు, ముక్కలు, మరీ చిన్న గింజలు ఏరేసి పావుకిలో ఎర్ర శనగలు సిద్ధం చేసుకున్నాం. ఈ రోజు పని వాటితోనే. మన నల్లరేగడిలో అక్టోబరు, నవంబరు నెలల్లో వేసిన శనగ ఫిబ్రవరి, మార్చి కల్లా ఇంటికొస్తుంది. అలా కొత్తగా వచ్చిన గింజలైతే రెండు రోజులు ఎండలో పోసి ఆ తర్వాతే మొదలుపెట్టండి. కర్నూలు వైపు ఎక్కువగా పండే జేజీ-11 రకం ఈ పద్ధతికి బాగా కుదురుతుంది. కాబూలీ శనగలు మాత్రం ఇలా చేయకండి, వాటి దారి వేరు.

చాలామంది శనగలను నేరుగా బాణలిలో పోసి అరగంట వేయిస్తారు. పొట్టు మాడుతుంది, లోపల మాత్రం రాయిలా ఉంటుంది. గుండ్రటి గింజకు ఒట్టి బాణలి ఒక్క చోటే తగులుతుంది. వేడి నెమ్మదిగా ఎక్కితే లోపలి తడి కూడా నెమ్మదిగా బయటికి పోతుంది, గింజ బిగుసుకుంటుంది. మనకు కావలసింది వేరు. ఆ తడి ఒక్కసారిగా ఆవిరై గింజను ఉబ్బించాలి, పొట్టును పగలగొట్టాలి. అప్పుడే పంటి కింద కరకరమంటుంది.

అందుకే రెండు సెగలు. మొదటిది చిన్నది. ఇనుప బాణలిలో మధ్యస్థమైన మంట మీద మూడు, నాలుగు నిమిషాలు కలుపుతూ ఉండండి. గింజ చేతికి బాగా వేడి తగలాలి కానీ రంగు మారకూడదు. వెంటనే పళ్లెంలోకి తీసి, రెండు పెద్ద చెంచాల నీళ్లలో అర చెంచా ఉప్పు, చిటికెడు పసుపు కలిపి చల్లండి. బాగా కలిపి, గుడ్డ కప్పి రెండు, మూడు గంటలు వదిలేయండి.

ఈ పాఠమంతా ఆ రెండు, మూడు గంటల్లోనే ఉంది. మా అవ్వ "కాసేపు పండుకోనీమే, అప్పుడే పగుల్తాయి" అనేది. పైన చల్లిన తడి గింజలోకి సమంగా ఇంకడానికి అంత సమయం పడుతుంది. నేను ఒకసారి తొందరపడి పది నిమిషాలకే వేయించాను. రెండో సెగలో వాడే ఉప్పు ఆ పైతడికి అంటుకుని ఉండలు కట్టింది, గింజ ఒక్కటీ విచ్చుకోలేదు. గుడ్డ తీసి చూస్తే గింజలు పొడిగా, ఒకదానికొకటి అంటకుండా ఉండాలి. ఇంకా తడి తగిలితే ఫ్యాన్ కింద ఆరనివ్వండి.

ఇక రెండో సెగ. బొరుగుల బట్టీల దగ్గర వేడి ఇసుకలో వేయించడం మీరు చూసే ఉంటారు. ఇంట్లో ఇసుక బదులు అరకిలో పొడి ఉప్పు చాలు. గింజ అందులో మునిగిపోతుంది కాబట్టి అన్ని వైపులా ఒకేసారి వేడి తగులుతుంది. కల్లుప్పు వాడొద్దు, వేడికి చిట్లి కళ్లలో పడే ప్రమాదం ఉంది. నాన్‌స్టిక్ గిన్నె ఇంత వేడికి పనికిరాదు. ఉప్పును పెద్ద మంట మీద పది నిమిషాలు కాచి, ఒక్క గుప్పెడు శనగలే వేసి ఆపకుండా తిప్పండి. ఎక్కువ పోస్తే ఉప్పు చల్లారిపోతుంది. ఒకటి, రెండు నిమిషాల్లో చిటపటమంటాయి, పొట్టు పగులుతుంది. చప్పుడు తగ్గగానే జల్లెడలో పోయండి. ఉప్పును మళ్లీ బాణలిలోకి దించి, బాగా వేడెక్కాక ఇంకో గుప్పెడు వేయండి. ఆ ఉప్పు కూరలకు వద్దు, సీసాలో దాచుకుంటే మళ్లీ వేయించడానికి పనికొస్తుంది.

వేడి మీద కొరికి చూసి నిరాశపడకండి. ఐదు నిమిషాలు ఆరాక ఒక గింజను రెండుగా విరవండి. లోపల లేత పసుపు రంగులో, గుల్లగా ఉంటే కుదిరినట్టు. నడిమధ్య ముదురు రంగులో గాజులా మెరిస్తే వేడి చాలలేదు. అప్పుడు మిగతా గుప్పెళ్లకు ఉప్పును ఇంకాసేపు కాచండి. పూర్తిగా చల్లారాకే డబ్బాలో పోసి మూత పెట్టండి. వేడిగా మూసేస్తే లోపలి ఆవిరికే మెత్తబడతాయి.

వచ్చే పాఠానికి ఒక పని: పావుకిలోను రెండు భాగాలు చేసి, ఒకదాన్ని రెండు గంటలు, ఇంకోదాన్ని రాత్రంతా గుడ్డ కింద ఉంచి విడివిడిగా వేయించండి. ఏది ఎక్కువ విచ్చుకుందో రాసిపెట్టుకోండి. ఆ రెండు గిన్నెలూ ముందు పెట్టుకుని, వచ్చేసారి కారం, వెల్లుల్లి పట్టించడం చూద్దాం.