కరెంటు చికిత్సను ఎనిమిది వారాల్లో పూర్తి చేసుకోవడం ఎలా?

గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ చుట్టుపక్కలకు పాకి, ఆపరేషన్‌కు వీలులేని దశలో బయటపడినప్పుడు ప్రధాన చికిత్స రేడియేషనే. మన ఊళ్లలో కరెంటు పెట్టడం అనేది దీన్నే. వారానికి ఐదు రోజుల చొప్పున దాదాపు 25 సిట్టింగులు బయటి నుంచి ఇస్తూ, వారానికొకసారి సిస్‌ప్లాటిన్ అనే కీమో మందు ఎక్కించి, ఆపై బ్రాకీథెరపీ అనే లోపలి రేడియేషన్ కొన్ని విడతలు ఇస్తారు. అంతా 56 రోజుల్లో ముగియాలి. గడువు దాటిన ఒక్కో రోజుకు వ్యాధి అదుపయ్యే అవకాశం ఒక శాతం వరకు తగ్గవచ్చని అధ్యయనాల అంచనా. మిగిలిన క్యాన్సర్ కణాలు ఆ విరామంలో మళ్లీ వేగంగా పెరగడమే కారణం.

అందువల్ల హైదరాబాద్ ఎంఎన్‌జే క్యాన్సర్ ఆసుపత్రికో, విశాఖ అగనంపూడిలోని హోమీ భాభా క్యాన్సర్ ఆసుపత్రికో జిల్లాల నుంచి వెళ్లేవారు బస, తోడుండే మనిషి సంగతి మొదటి సిట్టింగ్‌కు ముందే తేల్చుకోవాలి. ఆరోగ్యశ్రీ వంటి పథకం కింద వెళితే, అనుమతిలో లోపలి రేడియేషన్ కూడా చేరిందో లేదో అప్పుడే అడగాలి.

రేడియేషన్ ఎక్కడ ఇవ్వాలో ముందుగా నిర్ణయించే సిమ్యులేషన్ స్కాన్ రోజున పొట్ట కింద, తుంటి పక్కల గీసిన గుర్తులను సబ్బుతో రుద్దకూడదు. వెలిసిపోతే ఇంట్లో పెన్నుతో దిద్దకుండా టెక్నాలజిస్టుకు చూపించాలి. ప్రతి సిట్టింగ్‌కు ముందు మూత్రానికి వెళ్లి, చెప్పినన్ని నీళ్లు తాగి, చెప్పినంతసేపు ఆగాలి. మూత్రాశయం నిండితే పేగులు పైకి జరిగి, వాటికి తగిలే రేడియేషన్ తగ్గుతుంది. రెండు మూడు వారాలకు విరేచనాలు పట్టుకుంటే పాలు, పీచు తగ్గించి, ఓఆర్ఎస్ తాగుతూ డాక్టరుకు చెప్పాలి గాని, సొంతంగా సిట్టింగ్ మానకూడదు. రక్తం తక్కువగా ఉంటే ముందే ఎక్కించుకోవాలి.

కొన్నిచోట్ల బయటి రేడియేషన్ ఇవ్వడానికి కోబాల్ట్ యంత్రం ఉంటుంది. భాభా అణు పరిశోధన కేంద్రం రూపొందించి, మన దేశం వియత్నాంకు కూడా బహూకరించిన భాభాట్రాన్ ఈ కోవదే. ఈ యంత్రంలో రేడియేషన్ వెలువరించే కోబాల్ట్-60 తీవ్రత అయిదేళ్లకు కాస్త పైబడి సగమవుతుంది కనుక, మూలకం పాతబడితే సిట్టింగ్ సమయం పెరుగుతుంది. డోసు మాత్రం మారదు.

అసలు జాగ్రత్త బయటి సిట్టింగులు ముగిసినప్పుడు కావాలి. రక్తస్రావం ఆగి, ఆకలి పుట్టి, నయమైందనిపించే ఆ వారంలోనే కొందరు ఊరికి వెళ్లిపోతారు. నా దృష్టిలో ఇంతకన్నా ఖరీదైన పొరపాటు లేదు, ఎందుకంటే గడ్డ ఉన్నచోటే అధిక డోసు అందించేది బ్రాకీథెరపీయే. తేదీని ముందుగానే రాయించుకోవాలి. విడత ముగియగానే యంత్రం రేడియేషన్ వెలువరించే ఇరిడియం మూలకాన్ని వెనక్కి లాగేసుకుంటుంది; ఒంట్లో రేడియేషన్ మిగలదు కనుక ఇంటికి వెళ్లి పిల్లలను దగ్గరకు తీసుకోవచ్చు.