ఏకవస్తు పద్ధతి లెక్కలు ఎలా చేయాలి? ముందు ‘కి’ ఎక్కడుందో వెతకండి

మూడు కిలోల టమాటాలు 84 రూపాయలు. ఐదు కిలోలు ఎంత? ఏడో తరగతి చదువుతున్న మా అమ్మాయిని మొన్న ఇదే అడిగితే టక్కున 86 అంది. ఎలా వచ్చిందంటే, "మూడుకి రెండు కలిపితే ఐదు కదా నాన్నా, అందుకే 84కీ రెండు కలిపాను" అంది. నవ్వొచ్చింది. నవ్వితే వారం రోజులు లెక్కల పుస్తకం ముట్టుకోదని ఆపుకున్నాను. "అంటే ఆ చివరి రెండు కిలోలూ రెండు రూపాయలకే ఇచ్చాడా? ఎక్కడమ్మా ఆ కొట్టు, సంచి తీసుకుని నేనూ వెళ్తా" అన్నాను. అప్పుడు తల గోక్కుంది.

నిష్పత్తి, అనుపాతం పాఠంలో పిల్లలు ఎక్కువగా తప్పేది ఇక్కడే. ఒకటో తరగతి నుంచీ కూడిక అలవాటైన బుర్ర ఇక్కడా కూడికే వెతుక్కుంటుంది. ఇక్కడ కావలసింది మాత్రం గుణకారం.

1. రెట్టింపు చేసి చూడండి

లెక్క మొదలుపెట్టే ముందే రెండు ప్రశ్నలు వేసుకోవాలి. ఒకటి రెట్టింపైతే రెండోదీ రెట్టింపవుతుందా? ఒకటి సున్నా అయితే రెండోదీ సున్నా అవుతుందా? రెండింటికీ అవునంటేనే అది అనులోమానుపాతం.

ఇడ్లీ పిండికి గ్లాసు మినప్పప్పు, రెండు గ్లాసుల రవ్వ. చుట్టాలొచ్చారని మూడు గ్లాసుల పప్పు నానబోస్తే ఆరు గ్లాసుల రవ్వ పడుతుంది. ఇది అనుపాతమే. ఇప్పుడు ఆటో చూడండి. ఎక్కగానే 30 రూపాయలు, ఆపైన కిలోమీటరుకి 15 అనుకుందాం. రెండు కిలోమీటర్లకు 60, నాలుగింటికి 90. దూరం రెట్టింపైంది, డబ్బులు కాలేదు. బండి కదలకుండానే 30 పడింది కాబట్టి ఇది అనుపాతం కాదు. ఒక గుడ్డు ఉడకడానికి పది నిమిషాలు పడితే, ఆరు గుడ్లు ఒకే గిన్నెలో వేసినా గంట పట్టదు. నలుగురు కూలీలు ఆరు రోజుల్లో చేసే పని ఎనిమిది మంది మూడు రోజుల్లో చేస్తారు. అది విలోమానుపాతం, దాని సంగతి ఇంకోసారి.

2. ‘కి’ తగిలిన మాట కిందికి వెళ్తుంది

పిల్లలకు అసలు టెన్షన్ ఇక్కడే. 84 ఉంది, 3 ఉంది. దేన్ని దేనితో భాగించాలి? పెద్ద సంఖ్యను చిన్న సంఖ్యతో భాగించేయడం వాళ్లకు అలవాటు. ఒకసారి కుదురుతుంది, ఒకసారి తన్నేస్తుంది.

తెలుగులో దీనికి జవాబు ప్రశ్నలోనే ఉంటుంది. కొట్లో ఏమని అడుగుతాం? "కిలోకి ఎంత?" అని. ఆ ‘కి’ ఏ మాటకు తగిలిందో ఆ మాట భాగహారంలో కిందికి వెళ్తుంది. కిలోలు కింద, రూపాయలు పైన: 84 ÷ 3 = 28. కిలోకి 28 రూపాయలు. బండి "లీటరుకి ఎన్ని కిలోమీటర్లు ఇస్తోంది?" అంటే లీటర్లు కింద. మూడున్నర లీటర్లతో 168 కిలోమీటర్లు తిరిగితే 168 ÷ 3.5 = 48. "గంటకు", "రోజుకు" అన్నప్పుడు వచ్చే ‘కు’ కూడా ఈ ‘కి’ లాంటిదే.

తిరగేసి భాగిస్తే ఏమవుతుంది? తప్పేమీ కాదు, వేరే ప్రశ్నకు జవాబు వస్తుంది. నిమ్మకాయలమ్మే ఆమె "పదికి నాలుగు" అంటుంది. ఆమె మాటను ఉన్నదున్నట్టు భాగిస్తే 4 ÷ 10 = 0.4, అంటే రూపాయికి 0.4 కాయ. అర కాయ కూడా కాదు, దానితో మనకేం పని? మనకు కావలసింది "కాయకి ఎంత?" అన్నది. అప్పుడు కాయలు కిందికి వస్తాయి: 10 ÷ 4 = 2.50 రూపాయలు. అమ్మేవాళ్లు ఏ వరసలో చెప్పినా, మీరు అడగదలచిన ప్రశ్నను ముందు ‘కి’తో ఒక వాక్యంగా రాయించండి. జవాబు పక్కన ప్రమాణం (కిలోకి రూపాయలు, లీటరుకి కిలోమీటర్లు లాంటిది) రాయకపోతే ఆ లెక్క కొట్టేయండి. నేనైతే కొట్టేస్తాను.

3. ఒకటికి దిగి, కావలసిన చోటికి ఎక్కండి

3 కిలోలు – 84 రూపాయలు
1 కిలో – 28 రూపాయలు
5 కిలోలు – 140 రూపాయలు

ఇదే ఏకవస్తు పద్ధతి: ఒకటికి దిగేటప్పుడు భాగహారం, ఎక్కేటప్పుడు గుణకారం. సరిచూసుకోవాలంటే 140ని 5తో భాగించండి, మళ్లీ 28 రావాలి. ఎన్ని కిలోలు కొన్నా మారని ఆ 28నే స్థిరాంకం అంటారు. x కిలోలకు y రూపాయలైతే y = 28x. గ్రాఫు గీస్తే మూలబిందువు, అంటే (0, 0), నుంచి బయల్దేరే సరళరేఖ వస్తుంది. ఆటో గ్రాఫూ తిన్నగానే ఉంటుంది, కానీ 30 దగ్గర మొదలవుతుంది. రేఖ తిన్నగా ఉంది కదా అని దాన్నీ అనుపాతం అనేస్తారు, జాగ్రత్త.

ఒకటి విలువ తెగకపోతే? మూడు కిలోలు 85 అయితే కిలోకి 28.33..., దాన్ని 28.33 దగ్గర ఆపేసి ఐదుతో గుణిస్తే 141.65 వస్తుంది. ముందు గుణించి తర్వాత భాగిస్తే, 85 × 5 ÷ 3 = 141.67. క్రీ.శ. 499లో ఆర్యభటుడు త్రైరాశికానికి, అంటే తెలిసిన మూడు విలువలతో నాలుగోది కనుక్కునే లెక్కకి, చెప్పిన వరస ఇదే. ఫలాన్ని ఇచ్ఛతో గుణించి, ప్రమాణంతో భాగించమన్నాడు. ఇక్కడ ప్రమాణం అంటే ఇందాకటి కొలత పేరు కాదు, మనకు ధర తెలిసిన 3 కిలోలు; ఫలం 85 రూపాయలు, ఇచ్ఛ 5 కిలోలు. బళ్లో చెప్పే "అంత్యాల లబ్ధం = మధ్యమాల లబ్ధం" (3 : 85 = 5 : x అని రాసి, చివర్ల ఉన్న రెండింటి గుణకారం, మధ్యలో ఉన్న రెండింటి గుణకారం సమానం అనడం) కూడా చివరికి ఇక్కడికే వస్తుంది. నన్నడిగితే ఆ సూత్రం నెల రోజులు ఆగి చెప్పినా నష్టం లేదు. ముందే చెబితే పిల్లలు గళ్లు నింపుతారు తప్ప ఆలోచించరు.

4. కొట్టుకి తీసుకెళ్లండి

100 గ్రాముల టీ పొడి 45, అదే రకం 250 గ్రాములు 120 అనుకోండి. పెద్ద ప్యాకెట్టే చవకని చెయ్యి అటే పోతుంది. గ్రాముకి ఎంత? చిన్నది 45 పైసలు, పెద్దది 48.

మన దేశంలో ప్యాకెట్ల మీద ఎమ్మార్పీతో పాటు ఈ విడి ధర కూడా అచ్చు వేయాలన్న నిబంధన ఉంది. దాంట్లో ఒక మెలిక ఉంది: కిలో లోపు ప్యాకెట్లకు గ్రాము ధర, కిలో దాటితే కిలో ధర. కాబట్టి అరకిలో కందిపప్పు మీద 0.17 అనీ, రెండు కిలోల దాని మీద 165 అనీ కనిపించవచ్చు. 0.17ను వెయ్యితో గుణిస్తే కిలోకి 170. ఈసారి పెద్దదే చవక.

5. ఒక లెక్క వాళ్లకే వదిలేయండి

ఒక నగల కొట్లో కాసు, అంటే 8 గ్రాములు, 72,000. ఇంకో కొట్లో తులం, అంటే 10 గ్రాములు, 89,500 అనుకోండి. ఎక్కడ చవక? మా అమ్మాయి ‘గ్రాముకి’ అని ముందు రాసుకుని 9,000, 8,950 తేల్చింది. రెండో కొట్టే అంది. వంటింట్లోంచి వాళ్లమ్మ "మజూరీ కలిపే చెప్పారా?" అని అడిగింది. మజూరీ గ్రాముకి ఇంత అంటే మా అమ్మాయి పద్ధతే పనిచేస్తుంది. నగకి ఇంత అని ఒకే మొత్తం తీసుకుంటే మాత్రం అది ఆటో లెక్కే.